వాచీకి యాభై ఏళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియెన్స్

కొత్త వస్తువు కొని, దాన్ని పాతదానిలా కనిపించేట్టు పాడు చెయ్యడం ఒక హాబీ అంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. "పాతది కావాలంటే ఊరికే వాడుకో, అదే పాతబడుతుంది కదరా" అంటుంది. లాజిక్ ప్రకారం ఆవిడ మాటకి తిరుగు లేదు. అయినా ఆ హాబీ ఉంది, ప్రపంచమంతా చాలామందికి ఉంది, వరసగా నాలుగు శనివారాలు నేనూ అదే పని మీద కూర్చున్నాను. ఆ పనిలో నేర్చుకున్నదీ, దాని మూలంగా నాకూ మా టీములో ఒకతనికీ మధ్య జరిగిన వాదనా చెప్పాలని ఈ గోల.

వాచీల పిచ్చి లేని అదృష్టవంతుల కోసం ముందు కొంచెం ఉపోద్ఘాతం. సముద్రంలో దిగేవాళ్ళ కోసం చేసిన వాచీని డైవ్ వాచీ అంటారు. నీళ్ళు లోపలికి వెళ్ళవు, చీకట్లో అంకెలు వెలుగుతాయి, డయల్ చుట్టూ తిప్పగలిగే చక్రం ఒకటుంటుంది. దాన్ని బెజెల్ అంటారు. నీళ్ళలోకి దిగేటప్పుడు బెజెల్ మీది గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టుకుంటే, ఎంతసేపైందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆక్సిజన్ లెక్క తప్పితే ప్రాణం పోయే చోట వాడే పనిముట్టు అన్నమాట. 1953లో బ్లాంక్‌పాన్ వాళ్ళ ఫిఫ్టీ ఫ్యాథమ్స్ వచ్చింది. దాదాపు అదే సమయంలో తయారైన రోలెక్స్ సబ్‌మెరైనర్ 1954లో బాసెల్ ప్రదర్శనలో జనం కంటపడింది. 1962లో 'డాక్టర్ నో' సినిమాలో జేమ్స్ బాండ్ వేషం వేసిన షాన్ కానరీ చేతికి సబ్‌మెరైనరే ఉంది. అక్కణ్ణించి ఆ ఆకారాన్ని కాపీ కొట్టని వాచీ కంపెనీ ఉందంటే అనుమానమే.

ఈ కాపీల్లో రెండు రకాలు. ఆకారం తీసుకుని తమ సొంత పేరు వేసుకునేవి ఒక రకం, వీటిని ముద్దుగా హోమేజ్ అంటారు. ఆకారంతో పాటు పేరూ బొమ్మా కూడా దించేసేవి రెండో రకం, రెప్లికాలు. వీటిని అమ్మడం మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. నా చేతికొచ్చింది రెండో రకమే. ఒక ఫ్రెండు బ్యాంకాక్ నుంచి తెచ్చుకున్నాడు, ఆర్నెల్లకి ఆగిపోయింది, "నువ్వు ఇలాంటివి కెలుకుతావు కదా" అని నా మొహాన పడేశాడు. నేను మొదట చేసిన పని ఆ కిరీటం బొమ్మ ఉన్న డయల్ తీసి పారేసి, ఏ పేరూ లేని నల్లటి డయల్ ఒకటి వేయించడం. ఇలాంటి డయల్‌ని స్టెరైల్ డయల్ అంటారు. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత వాదనలో పనికొస్తుంది.

ఇంతకీ పాతగా ఎందుకు కనిపించాలి? ఎందుకంటే వాచీల లోకంలో పాతదనానికే విలువ. 2017 అక్టోబరులో న్యూయార్కులో ఫిలిప్స్ వాళ్ళు వేసిన వేలంలో, హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లకి పోయింది. దాని వెనకాల ఆయన భార్య 'జాగ్రత్తగా నడుపు' అన్న అర్థంలో ఒక మాట చెక్కించి ఇచ్చింది, ఆయనకి కారు పందాల పిచ్చి కాబట్టి. ఆ ధర స్టీలుకి వచ్చింది కాదు, ఆ వాచీ ఎవరి చేతి మీద ఎన్నేళ్ళుందో దానికొచ్చింది. 1970లలో బ్రిటిష్ మిలటరీ కోసం చేసిన సబ్‌మెరైనర్లు కూడా ఇప్పుడు లక్ష డాలర్లు దాటి పలుకుతాయి. ఎంత ఎండకి ఎండితే, ఎంత వెలిసిపోతే అంత మోజు!

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇప్పటి ఖరీదైన వాచీలు అసలు పాతబడవు. పాత సబ్‌మెరైనర్ బెజెల్ మీద ఉండేది రంగేసిన అల్యూమినియం రింగు, ఎండకీ ఉప్పునీటికీ వెలిసిపోయేది. స్టీలు సబ్‌మెరైనర్‌కి 2010 నుంచి సెరామిక్ పెడుతున్నారు, అది వెలిసిపోదు. పాత వాటికి గీతలు పడే యాక్రిలిక్ అద్దం ఉండేది, ఇప్పుడు నీలమణి అద్దం, మామూలుగా గీతే పడదు. అంటే మా అమ్మ చెప్పినట్టు ఎంత వాడినా ఇవి ఆ రకంగా పాతబడవు. కంపెనీలకి కూడా ఇది తెలుసు. అందుకే 2014లో ఒమేగా వాళ్ళు కొత్త సీమాస్టర్ 300 తెస్తూ, ముళ్ళ మీదా అంకెల మీదా పూసే పదార్థానికి ఫ్యాక్టరీలోనే పాతకాలపు గోధుమ రంగు కలిపేశారు. దీనికి 'ఫోటీనా' అని వెక్కిరింపు పేరు కూడా ఉంది, అబద్ధపు పాటీనా అని. పాటీనా అంటే వాడకం వల్ల వస్తువుకి వచ్చే పాత కళ.

సరే, అసలు పనికొస్తాను.

మొదటిది బెజెల్. అనోడైజ్ చేసిన అల్యూమినియం మీద ఉండే పొరలో సూక్ష్మమైన రంధ్రాలుంటాయి, రంగు వాటిలోకి దిగి ఉంటుంది. అందుకే గోకితే పోయేదానికన్నా బ్లీచ్‌కి బాగా పోతుంది. రింగు ఊడదీసి, బట్టలకి వాడే లిక్విడ్ బ్లీచ్‌లో సగం నీళ్ళు కలిపి ముంచాను. రెండు మూడు నిమిషాలకోసారి తీసి కడిగి చూసుకోవాలి. నలుపు కాస్తా బొగ్గు రంగుకి, ఆ తర్వాత మబ్బు రంగుకి వస్తుంది. ఆదమరిస్తే మాత్రం ఉత్త వెండి రంగు రింగు మిగులుతుంది. అంతా ఒకేలా వెలిసిపోతే నమ్మేట్టు ఉండదు కాబట్టి, చివర్లో చెవికి వాడే కాటన్ బడ్స్‌తో అక్కడక్కడా అద్దాను. ఒక హెచ్చరిక: పొరపాటున కూడా బ్లీచ్‌లో బాత్రూమ్ కడిగే యాసిడ్ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. వాచీ పాతబడే లోపు మనం పోతాం :)

రెండోది 'రేడియం'. మనవాళ్ళు చీకట్లో వెలిగే ప్రతిదాన్నీ రేడియం అనే అంటారు, బండి మీద అంటించే స్టిక్కర్‌తో సహా. నిజంగానే 1960ల మొదటి దాకా వాచీల్లో రేడియం పూసేవాళ్ళు. తర్వాత ట్రిటియం వచ్చింది, డయల్ అడుగున 'టి' అక్షరం కనిపిస్తే అదే. 1990ల్లో అదీ పోయి, రేడియోధార్మికత లేని లూమినోవా వచ్చింది. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళు. 1970లో పూసినదాంట్లో ఇప్పటికి ఇరవయ్యో వంతు కూడా మిగలదు, దాంతో వెలిగే జింక్ సల్ఫైడ్ కూడా చెడిపోయి తెలుపు కాస్తా మీగడ రంగుకీ, తేనె రంగుకీ తిరుగుతుంది. ఆ రంగు తేవడానికి అందరూ వాడే మందు చిక్కటి టీ డికాక్షన్. డయల్, ముళ్ళు బయటికి తీసి, సన్నటి కుంచెతో ఒక్కో చుక్క మీద అద్ది, ఆరనిచ్చి, మళ్ళీ అద్దాలి. నేను ముందు ఒక పనికిరాని ముల్లు మీద కాఫీ కూడా వేసి చూశాను, మరీ ముదురుగా వచ్చింది. టీ బాగుంది. అసలు రేడియం రోజుల నాటి వాచీ మీ ఇంట్లో ఉంటే మాత్రం దాన్ని తెరిచి గోకొద్దు. అది వెలగడం మానేసినా రేడియం అర్ధాయువు దాదాపు 1600 ఏళ్ళు, ఆ పొడి పీల్చడం ప్రమాదం.

మూడోది అద్దం. మామూలు అద్దం తీసేసి ఉబ్బెత్తుగా ఉండే యాక్రిలిక్ అద్దం పెట్టించాను. పక్కనించి చూస్తే డయల్ అంచులు వంగినట్టు కనిపిస్తాయి. నా ఉద్దేశంలో పాత వాచీ అందంలో సగం అక్కడే ఉంది.

నాలుగోది బాడీ. నాలుగు వందల నంబరు గరుకు కాయితంతో పదునైన అంచులు మొద్దుబార్చి, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరుతో మెరుపు తగ్గించి, ఒక గుడ్డసంచిలో తాళాలూ చిల్లరా వేసి వాచీని అందులో పడేసి పావుగంట ఊపాను. పక్క ఫ్లాట్ వాళ్ళు ఏమనుకున్నారో తెలీదు.

నాలుగో శనివారం సాయంత్రానికి నా చేతిలో ఒక ముసలి వాచీ ఉంది. ఉప్పునీళ్ళు చూసినట్టు, ఎండలో మగ్గినట్టు, ఏ నావికుడో ముప్ఫై ఏళ్ళు వాడి సొరుగులో పడేసినట్టు ఉంది. నిజానికి చేతులు కడుక్కోవడానికి కూడా పనికిరాదది. అన్నిసార్లు తెరిచి మూశాక కొత్త వాషర్లు వేసి ప్రెషర్ టెస్టు చేయించకపోతే ఏ డైవ్ వాచీ అయినా అంతే. కానీ ఫొటోలో చూస్తే... అబ్బో!

మర్నాడు దాన్ని కోఠీలో నేను ఎప్పుడూ వెళ్ళే రిపేరు చాచా దగ్గరికి తీసుకెళ్ళాను. యాక్రిలిక్ అద్దం బిగించిందీ, ఆగిపోయిన మెషిన్‌ని నడిపించిందీ ఆయనే. మిగతాదంతా నేను చేశానని చెప్పకుండా చేతికిచ్చాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి ఒకటే మాటన్నాడు. "ఈ గీతలన్నీ ఒక్క రోజే పడ్డాయి బాబూ."

ఆ మాట నాకు మామూలుగా తగల్లేదు. ఎందుకంటే అది టెస్ట్ డేటాకీ ప్రొడక్షన్ డేటాకీ ఉండే తేడా. మనం స్క్రిప్టు రాసి లక్ష రికార్డులు పుట్టిస్తాం, అన్నీ నున్నగా పరుచుకుని ఉంటాయి. నిజం కస్టమర్ల డేటా అలా ఉండదు. ఒక మూల పోగుపడి ఉంటుంది, ఇంకో మూల ఖాళీగా ఉంటుంది, ప్రతి మూలకీ వెనకాల ఒక కారణం ఉంటుంది. చాచా చెప్పిన తర్వాత ఇంటికెళ్ళి మా నాన్న పాత హెచ్.ఎం.టి. తీసి చూశాను. నాన్న లెక్కల మాస్టారు. దాని క్రోమ్ పూత అంతా పోలేదు, పన్నెండు అంకె వైపు మాత్రమే లేచిపోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. పేపర్లు దిద్దేటప్పుడు ఎడమచేతిని చిటికెనవేలు వైపు బల్లకి ఆనించి, కాయితాలు జారకుండా పట్టుకునేవారు. ఎడమ చేతికి పెట్టుకున్న వాచీలో అప్పుడు బల్లకి రాసుకునేది సరిగ్గా పన్నెండు వైపే. ఇన్నేళ్ళూ చూస్తున్నా నాకు తట్టలేదు. అది ముప్ఫై ఏళ్ళ పరీక్ష పేపర్ల లాగ్ ఫైలు.

నేను గుడ్డసంచిలో ఊపి పుట్టించినది కూడా లాగే. కాకపోతే ఏమీ జరక్కుండానే రాసిన లాగు.

తెలిసినవాళ్ళు పట్టుకునే గుర్తులు ఇంకా ఉన్నాయి. టీ రంగు పూసిన చుక్కలు చీకట్లో పచ్చగా ధగధగా వెలిగాయంటే కింద కొత్త లూమ్ ఉన్నట్టే, యాభై ఏళ్ళ ట్రిటియం అలా వెలగదు. సెకన్ల ముల్లు కూడా చెప్పేస్తుంది. పాత 5513 సబ్‌మెరైనర్లలో చాలావాటికి ఉన్న 1520 మెషిన్ గంటకి 19,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి అయిదున్నర అడుగులు. ఇప్పటి చాలా స్విస్ మెషిన్లూ, వాటి కాపీలూ 28,800, అంటే సెకనుకి ఎనిమిది. అలవాటైన కన్నుకి ఆ నడక తేడా తెలిసిపోతుంది.

అలా అని తెలిసినవాళ్ళంతా పట్టేస్తారనీ కాదు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలోనే, డయల్ గోధుమ రంగుకి తిరిగిన 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకి పోయింది. కొన్నది ఎవరో కాదు, ఒమేగా వాళ్ళే, తమ మ్యూజియం కోసం! 2023లో తేలిందేమిటంటే అది రకరకాల వాచీల భాగాలు ఏరి కూర్చిన బొంత. ఇందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని ఆ కంపెనీయే చెప్పింది. భాగాలు చాలావరకు అసలువే, కానీ ఆ వాచీకి చెప్పిన చరిత్ర అసలుది కాదు.

మన దగ్గర దీనికి బీదవాడి వెర్షన్ ఉంది. సిటిజన్ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైన హెచ్.ఎం.టి. వాచీల తయారీ 2016 నాటికి మూతపడింది. ఆ తర్వాత వాటి మీద మోజు పెరిగింది. పాత బాడీలు పోగేసి, ఎర్రవీ పచ్చవీ నీలంవీ డయళ్ళు కొత్తగా పెయింట్ చేసి, 'వాడని పాత స్టాకు' అని ఆన్‌లైన్లో అమ్ముతారు. వీటికి 'ముంబై స్పెషల్' అని పేరు. అక్కడ పాతదాన్ని కొత్తగా చేస్తారు, నేను కొత్తదాన్ని పాతగా చేశాను. ఇద్దరం మార్చింది తేదీనే.

ఇప్పుడు మా టీమ్‌మేట్ సంగతి. అతనికి చూపించి, అడిగే రాస్తున్నాను, కొన్ని వివరాలు మార్చాను.

వాచీ పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళిన రోజు క్యాంటీన్లో చూశాడు. కథంతా చెప్పాను. వారం తర్వాత వచ్చి అడిగాడు.

"మామా, అది నాకిచ్చెయ్. ముప్ఫై వేలిస్తా."

నాకు మొత్తం కలిపి అందులో మూడో వంతు కూడా అవలేదు. "దేనికిరా అంత?" అన్నాను.

"ఎంగేజ్‌మెంట్‌కి పెట్టుకుంటా. అమ్మాయి వాళ్ళ వైపు అంతా పెద్ద పెద్ద ఉద్యోగాలు. మా తాత వైజాగ్ నేవీలో చేశాడు, ఇది ఆయనది అని చెప్తా."

వాళ్ళ తాత ఆర్టీసీలో కండక్టరు. ఈ సంగతి అతనే ఒకసారి చెప్పాడు, ఆయన టికెట్లకి చిల్లులు పొడిచే పంచ్ ఇంకా ఇంట్లో ఉందని కూడా చెప్పాడు. నేను ఇవ్వనన్నాను. ముందు నవ్వాడు, తర్వాత వాదించాడు, చివరికి కోపం వచ్చింది.

అతని వాదన తీసిపారేసేది కాదు. "దాని మీద పేరు లేదు. నువ్వే తీసేశావు. నేనెవడి బ్రాండూ దొంగిలించట్లేదు. ధర చెప్పట్లేదు, ఎవరికీ అమ్మట్లేదు. ఎవరికి నష్టం?" అన్నాడు. నిజమే, పేరున్న డయల్ ఉంటే నాకు చట్టం అడ్డం చెప్పుకునే వీలుండేది. పేరు తీసేసి నేను చాలా నిజాయితీపరుణ్ణని అనుకుంటున్నాను కానీ, అతను వాచీలో కావాలనుకున్నది పేరు కాదు, ఆ పాతదనమే. అది తయారు చేసింది నేనే.

ఆ తర్వాత అసలు బాణం వేశాడు. "నా రెజ్యూమెలో మొదటి రెండేళ్ళు ఫేక్ అని నీకు తెలుసు. అమీర్‌పేటలో ట్రైనింగ్ తీసుకుని, కన్సల్టెన్సీ వాడు ఇచ్చిన ఎక్స్‌పీరియెన్స్ లెటర్ పెట్టుకుని వచ్చా. ఫ్రెషర్ అంటే ఒక్కడూ ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు చెప్పు, నేను పని చెయ్యట్లేదా? ప్రొడక్షన్ పడిపోతే రాత్రి రెండింటికి నన్ను లేపుతారా, నిన్ను లేపుతారా?"

అతన్నే లేపుతారు. మా టీములో అందరికన్నా బాగా పనిచేసేది అతనే. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చాలా రోజులు ఆలోచించాను. నాకు తట్టినవి ఇవీ.

ఒకటి, ఆ రెండేళ్ళ అబద్ధాన్ని నేను సమర్థించలేను, కానీ అది ఎక్కణ్ణించి వచ్చిందో అర్థమవుతుంది. ఉద్యోగం లేకపోతే అనుభవం రాదు, అనుభవం లేకపోతే ఉద్యోగం రాదు అన్న తలుపు ముందు నిలబడ్డవాడు చేసిన పని అది. అతని వెనక లైన్లో నిజం రెజ్యూమెతో నిలబడ్డ ఇంకో ఫ్రెషర్ ఉన్నాడన్నది కూడా అంతే నిజం. వాచీ విషయంలో అలాంటి తలుపేదీ లేదు. కాబోయే అత్తామామలు తాత ఏం చేశారని అడిగితే, చెప్పడానికి నిజమే ఉంది.

రెండు, అబద్ధపు చరిత్రకి మెయింటెనెన్స్ ఉంటుంది. మనకిది బాగా తెలియాలి. రెండేళ్ళ పాటు హెచ్.ఆర్. నుంచి ఏ మెయిల్ వచ్చినా గుండె ఆగినంత పనయ్యేదని అతనే నాతో అన్నాడు. ఇప్పుడు నేవీ తాత కథ మొదలుపెడితే ఏ ఓడ, ఏ సంవత్సరం, ఎక్కడ రిటైరయ్యారు అన్నీ రాసి పెట్టుకోవాలి. మామగారి తరఫున ఒక్కరు నేవీలో చేసినవాళ్ళు ఉంటే చాలు. ఉండకపోయినా, వాళ్ళమ్మా నాన్నా అందరూ ఆ కథ ప్రకారమే మాట్లాడాలి. ఒక్క మాడ్యూల్‌లో పెట్టిన హార్డ్‌కోడ్ ఊరంతా పాకినట్టు.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. గిట్‌లో కమిట్ తేదీని మనం ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపరు. పెట్టినవాడికి నిజం తెలుసు. కానీ వాడు కంపెనీ మారిపోయాక, ఆ రిపాజిటరీ చూసేవాడికి ఆ తేదీ ఒక్కటే ఆధారం. వస్తువూ అంతే. ఈ వాచీ రేపు అతని కొడుక్కి వస్తుంది. వాడు దాన్ని ముత్తాతది అని నమ్ముతాడు. ఓడా, సముద్రమూ ఊహించుకుంటాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఆ పంచ్ నొక్కీ నొక్కీ పిల్లల్ని చదివించిన మనిషి ఆ ఇంట్లోంచి మాయమైపోతాడు. నష్టం ఎవరికి అని అతను అడిగిన ప్రశ్నకి నా జవాబు అదే, నష్టం ఆయనకి.

ఈ మాట మర్నాడు చెప్పాను. "తాత గురించి నువ్వు మాట్లాడకు" అన్నాడు. న్యాయమే, ఆయన నా తాత కాదు. నెలరోజులు స్టాండప్ మీటింగులో తప్ప మాట్లాడుకోలేదు. ఎంగేజ్‌మెంట్‌కి వెళ్ళాను, మామూలు స్మార్ట్ వాచీ పెట్టుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉంటున్నాం, కానీ వాచీ మాట వస్తే మాత్రం ఇద్దరం టాపిక్ మార్చేస్తాం.

మరి చేసిందంతా తప్పని వాచీని పారేశానా అంటే లేదు, రోజూ పెట్టుకుంటున్నాను. నాటకంలో తెల్లజుట్టు పెట్టుకున్నవాణ్ణి ఎవరూ మోసగాడనరు, ఆ జుట్టుతోనే వెళ్ళి వృద్ధాప్య పింఛను తీసుకుంటే అంటారు. వాచీని పాతగా చెయ్యడం నాకు నచ్చింది. ఏ పదార్థం ఎందుకు వెలిసిపోతుందో, ఎక్కడ అరుగుతుందో నేర్పింది. దాని పుణ్యమా అని నాన్న వాచీ మీద మరక చదవడం వచ్చింది. ఎవరైనా "పాతదా?" అని అడిగితే, "కాదు, టీ పోసి పాతగా చేశాను" అంటాను. చాలామందికి అసలు పాతది అని చెప్పిన దానికన్నా ఈ జవాబే ఎక్కువ నచ్చుతుంది.

కానీ నేను ఎప్పుడూ పక్కన ఉండి చెప్పలేను కదా. అందుకని ఒక పని చేశాను. రిపేరు చేసేవాళ్ళు వాచీ వెనక మూత తెరిచినప్పుడు లోపలి వైపు సన్నగా తమ గుర్తూ తేదీ గీకుతారు, తర్వాత తెరిచేవాడికి తెలియడానికి. నాన్న హెచ్.ఎం.టి. మూతలో అలాంటివి మూడున్నాయి. నా వాచీ మూత లోపల కూడా చాచా చేత గీకించాను, పాతగా చేసిన నెలా సంవత్సరం, కింద 'నకలు' అని. బయటికి కనబడదు. ఎవరైనా నమ్మి డబ్బు పెట్టబోయే ముందు తప్పకుండా తెరిచి చూసే చోటు అదే.

తెగని సంగతి ఇంకొకటుంది. ఎనిమిది నెలలుగా రోజూ పది గంటలు ఈ వాచీ నా లాప్‌టాప్ అంచుకి రాసుకుంటోంది. చైను కొక్కెం మీద కొత్త గీతలు పడ్డాయి. అవి నిజం గీతలు, నిజం డెడ్‌లైన్లవి. నేను పుట్టించిన వాటితో కలిసిపోయాయి, భూతద్దం పెట్టి చూసినా ఏది ఏదో నాకే తెలీట్లేదు. మా టీమ్‌మేట్ మొదటి రెండేళ్ళ మీద తర్వాతి అయిదేళ్ళూ అలాగే పడ్డాయి కదా. అతను మళ్ళీ "ఇప్పుడు చెప్పు, నాది ఎన్నేళ్ళ ఎక్స్‌పీరియెన్స్?" అని అడిగితే ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు. ఇంటర్వ్యూలు చేసే సీనియర్లు, మీరైతే ఏమంటారు?